బాపు దీపాన్ని పైకప్పు దాకా ఎందుకు ఎత్తేవాడు? బొగ్గుబాయి గ్యాస్ కథ

నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో. బీటెక్ అయ్యాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇలా మీ ముందు కూర్చున్నా. ఈ రోజు కథ మా వంటింట్లో మొదలవుతుంది.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు ఇంట్లో సిలిండర్ లీకై వాసన వచ్చింది. గబగబా స్టూలెక్కి పైనున్న వెంటిలేటర్ తెరవబోయాను. మా బాపు బాయిలో సర్దార్, అప్పుడే రెండో షిఫ్టుకు తయారవుతున్నాడు. "అరే, ఇది పైకి పోయే గ్యాస్ కాదురా, కిందికి దిగేది. తలుపు తియ్యి, స్విచ్చులు ముట్టకు" అంటూ రెగ్యులేటర్ బంద్ చేశాడు. మరి పైకి పోయే గ్యాస్ ఏది బాపూ అంటే, "మా బాయిలది" అన్నాడు.

ఆ బాయి గ్యాసే మీథేన్. కోట్ల ఏళ్ల కింద చెట్లు బొగ్గుగా మారేటప్పుడు పుట్టి, బొగ్గు పొరల్లోనే చిక్కుకుపోయింది. బొగ్గు కొట్టినప్పుడు బయటికొస్తుంది. రంగు లేదు, వాసన లేదు. గాలి కంటే దాదాపు సగం బరువే కాబట్టి పైకప్పు కింద పేరుకుంటుంది. గాలిలో 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. 15 దాటితే పేలదు కదా అని ధైర్యపడొద్దు. అక్కడ ఊపిరాడదు, పైగా కాస్త గాలి కలిసిందంటే మళ్లీ పేలే లెక్కలోకే వస్తుంది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. 1812 మే 25న ఇంగ్లాండ్‌లోని ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. అప్పట్లో గనిలో వెలుగంటే మంట కనిపించే దీపమే. అంటే చావును చేతిలో పట్టుకుని దిగినట్టే. 1815లో హంఫ్రీ డేవీ అనే సైంటిస్ట్ మంట చుట్టూ సన్నని తీగల జాలీ పెట్టాడు. జాలీ వేడిని లాగేసుకుంటుంది, అందుకే లోపలి మంట బయటి గ్యాస్‌ను అంటుకోదు. దీని మీద ఆయన పేటెంట్ కూడా తీసుకోలేదు. అదే సమయంలో జార్జ్ స్టీఫెన్‌సన్ కూడా ఇలాంటి దీపమే తయారు చేశాడు.

ఈ దీపానికి ఇంకో పని కూడా ఉంది. వత్తి తగ్గించి పెడితే, గ్యాస్ ఉన్నచోట మంట మీద లేత నీలం టోపీ లాంటిది కనిపిస్తుంది. గ్యాస్ పెరిగేకొద్దీ టోపీ పొడవవుతుంది. నిప్పు పెట్టే మంటే మీటర్ అయిపోయింది! బాపు దీపాన్ని మెల్లగా పైకప్పు దాకా ఎత్తేది ఈ టోపీ కోసమే.

మరి దీపం వచ్చాక పేలుళ్లు ఆగాయా? ఆగలేదు. దీపం ఉంది కదా అని యజమానులు అంతకుముందు వదిలేసిన గ్యాస్ గనుల్లోకి కూడా మనుషుల్ని దింపారు. జాలీ చిరిగినా, గాలి జోరుగా కొట్టినా మంట బయటికొచ్చేది.

మన దేశానికి వద్దాం. 1965 మే 28న అప్పటి బీహార్‌లోని ధోరీ గనిలో పేలుడుకు 268 మంది బలయ్యారు. గ్యాస్ పేలితే బొగ్గు దుమ్ము కూడా లేచి అంటుకుంటుంది. ఆ మంట తప్పించుకున్నవాళ్లను కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది. అందుకే గనుల్లో రాతిపొడి చల్లుతారు, ఫ్యాన్లతో గాలి ఆడిస్తారు, అగ్గిపెట్టె, బీడీ లోపలికి రానివ్వరు. గ్యాస్ 1.25 శాతం చేరితే కరెంటు ఆపి మనుషుల్ని బయటికి పంపాలని రూల్. పేలేది 5 దగ్గర కదా, 1.25కే ఎందుకు? మనిషి నడిచి బయటపడటానికి టైం కావాలి కాబట్టి.

సింగరేణిలో 1889లో తవ్వకం మొదలైంది. మన వైపు గ్యాస్ తక్కువుండే బాయిలే ఎక్కువ. మాకు పైకప్పు కూలడం, నీళ్లు రావడమే పెద్ద భయం. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. మరి గ్యాస్ తక్కువైన చోట ప్రతి షిఫ్టు దీపం ఎత్తడం ఎందుకు అని బాపును అడిగాను. "నిన్న లేదని ఇయ్యాల ఉండదా?" అన్నాడు.

ఆ మాట నాకు ఉద్యోగంలో అర్థమైంది. సర్వర్ అలర్టులు రోజూ ఉత్తినే మోగుతున్నాయని మా టీం వాటిని మ్యూట్ చేసింది. నేనూ చేశాను. ఒక రాత్రి నిజంగానే సర్వర్ పడిపోయింది, తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. మాకు పోయింది డేటా. బాయిలో అయితే పోయేది మనుషులు.

మీకు పనికొచ్చే మాట చెప్తా. సిలిండర్ గ్యాస్ కింద పరుచుకుంటుంది, పైపులైన్ గ్యాస్ మీథేన్ కాబట్టి పైకి పోతుంది. రెండింటికీ వాసన కావాలని కలిపిందే. వాసన వస్తే స్విచ్ వేయొద్దు, ఆపొద్దు. వాల్వ్ బంద్ చేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి ఫోన్ చేయండి. మ్యాన్‌హోల్‌లో, సెప్టిక్ ట్యాంకులో, గోబర్ గ్యాస్ గుంతలో మీథేన్‌తో పాటు వేరే విషవాయువులు కూడా ఉంటాయి. అగ్గిపుల్ల గీసి చూడొద్దు. ఎవరైనా పడిపోయినా వెనకాలే దిగొద్దు, ఫైర్ వాళ్లను పిలవండి.

బాపు రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పటికీ కొత్త గదిలోకి వెళ్తే ముందు పైకప్పు చూస్తాడు. మీ ఇంట్లో బాయి పని చేసినవాళ్లుంటే ఈ రోజు కూర్చోబెట్టి వాళ్ల కథ అడగండి. విన్నది కింద కామెంట్‌లో రాయండి.