‘నీకేమిటి సంబంధం?’ - మూసిన తలుపుల చరిత్ర

పాలకులు నాలుగు గోడల మధ్య తీసుకున్న నిర్ణయాన్ని సామాన్యుడు ప్రశ్నించబోతే మొట్టమొదట ఎదురయ్యేది తప్పొప్పుల చర్చ కాదు. ‘అడగడానికి నువ్వెవరు, నీకేమిటి సంబంధం?’ అన్న గద్దింపు. రచ్చబండ మీద మోతుబరి నోట మొరటుగా వినిపించే ఈ మాటే న్యాయస్థానంలో ‘లోకస్ స్టాండై’ అనే లాటిన్ పేరుతో నల్లకోటు తొడుక్కుంటుంది. దావా వేసేవాడికి తనదంటూ ఒక ప్రత్యేక నష్టం జరిగివుండాలి. అందరికీ జరిగిన నష్టం ఏ ఒక్కడి నష్టమూ కాదు - ఇదీ దాని సారాంశం. ప్రభుత్వ బోర్డుల, కౌన్సిళ్ల సమావేశాల తలుపులు తెరిపించిన చరిత్రను పరిశీలిస్తే, అడుగడుగునా ఈ ప్రశ్నతో జరిగిన పెనుగులాటే కనిపిస్తుంది.

వేల్స్‌లో టెన్‌బీ అనే చిన్న సముద్రతీర పట్టణం ఉంది. అక్కడి స్థానిక పత్రికా సంపాదకుడు మేసన్ మునిసిపల్ సమావేశాలకు రావడం కౌన్సిల్‌కు గిట్టలేదు. ఆయనను రానివ్వకుండా చూడమని కౌన్సిలే కోర్టుకెక్కింది. 1908లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది: పత్రికలవాడికి గాని, మామూలు పౌరుడికి గాని, ఆఖరికి పన్ను కట్టేవాడికి గాని కౌన్సిల్ సమావేశంలో కూర్చునే హక్కు లేదు; కౌన్సిల్ అనుమతి ఉంటే రావచ్చు, లేకపోతే లేదు. ఓటు నీది, పన్ను నీది, సమావేశం మాత్రం వాళ్లది! బూర్జువా ప్రజాస్వామ్యంలో ప్రాతినిధ్యం అనే మాటకు ఉన్న హద్దు ఎక్కడుందో ఈ తీర్పు తేటతెల్లం చేసింది.

విలేకరులు ఊరుకోలేదు. ఆ సంవత్సరమే పార్లమెంటు చట్టం చేసి స్థానిక సంస్థల సమావేశాలకు పత్రికాప్రతినిధులు హాజరయ్యే హక్కు కల్పించింది. హక్కు పత్రికలకే దక్కింది. ప్రజల మాట అందులో లేదు. కౌన్సిళ్లు దానికీ విరుగుడు కనిపెట్టాయి. సభ్యులంతా కలిసి ‘మేమిప్పుడు కౌన్సిల్‌గా కాదు, కమిటీగా కూర్చున్నాం’ అని తీర్మానించుకుంటే చాలు, విలేకరి లేచి బయటికి నడవాల్సిందే. మనుషులు వాళ్లే, కుర్చీలు అవే, మారింది పేరొక్కటే. చట్టం ఇచ్చినదాన్ని ఒక్క మాట మింగేసింది. మాటలతో పనిచేసే మనం గుర్తుంచుకోదగ్గ ఉదాహరణ ఇది.

ఈ కన్నాన్ని పూడ్చి, ప్రజలకు కూడా ప్రవేశం కల్పించిన చట్టం 1960లో వచ్చింది. దాన్ని ప్రైవేటు బిల్లుగా ప్రవేశపెట్టినది కొత్తగా సభకెన్నికైన మార్గరెట్ థాచర్. అచ్చు కార్మికుల సమ్మె కాలంలో, సమ్మెను ధిక్కరించి పత్రికలు నడిపిన యాజమాన్యాల విలేకరులను కొన్ని లేబర్ కౌన్సిళ్లు సమావేశాలకు రానివ్వలేదు. బిల్లుకు తక్షణ ప్రేరణ అదే. తరవాతి కాలంలో కార్మిక సంఘాల నడుం విరిచిన నాయకురాలి చేతుల మీదుగా ప్రజలకొక హక్కు రావడం మనకు మింగుడుపడని సంగతే. ఆ కౌన్సిళ్ల ఆగ్రహంలో న్యాయం లేకపోలేదు. కాని మనవాళ్లు మూసినా తలుపు తలుపే. ఇవాళ యాజమాన్యాల విలేకరి ముఖాన మూసిన తలుపు రేపు కార్మికుడి ముఖాన మూసుకోదన్న హామీ ఎక్కడుంది? హక్కు తెచ్చిన చేతిని విమర్శిద్దాం, హక్కును వదులుకోవద్దు.

1976లో అమెరికా ‘సన్‌షైన్’ చట్టం చేసింది. అధ్యక్షుడు నియమించే సభ్యులతో నడిచే ఫెడరల్ బోర్డులు, కమిషన్లు పది మినహాయింపులు పోగా బహిరంగంగా సమావేశం కావాలన్నది. తలుపు మూస్తే ‘ఎవరైనా’ దావా వేయవచ్చునన్నది; మూయడం సబబేనని రుజువు చేసే భారం బోర్డుదేనన్నది. ‘నీకేమిటి సంబంధం’ అనే ప్రశ్నకు చట్టంలోనే జవాబు రాసిపెట్టడమిది. అయితే ఆ దావాలో గెలిచినంత మాత్రాన మూసిన గదిలో చేసిన నిర్ణయం రద్దు కాదని కూడా అదే చట్టం చెప్పింది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో పట్టుకోవడం!

ఇక్కడ రెండు దేశాల రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూడాలి. అమెరికాలో న్యాయమూర్తుల పదవులకు ప్రతిపాదితుల యోగ్యతను గోప్యంగా పరిశీలించి ప్రభుత్వానికి చెప్పే బార్ అసోసియేషన్ కమిటీ ఉండేది. సలహాసంఘాల సమావేశాలు తెరిచివుంచాలనే 1972 చట్టం దానికీ వర్తించాలని పౌర సంస్థలు దావా వేశాయి. 1989లో సుప్రీంకోర్టు, చట్టప్రకారం చూడదగినదాన్ని చూడనివ్వకపోవడమే నష్టమని, అదే నష్టం మరెందరికి జరిగినా వాది అర్హత తగ్గదని చెప్పింది. ఆ పైన, ఆ కమిటీకి చట్టం వర్తించదని దావా కొట్టేసింది. అంతకుముందే, 1981 డిసెంబరు 30న, మన సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్.పి. గుప్తా కేసులో దాదాపు ఇదే దారి నడిచింది. న్యాయమూర్తుల నియామకాలు, బదిలీల మీద న్యాయవాదులు వేసిన ఆ కేసులో, మీకేమిటి సంబంధమన్న ప్రభుత్వ అభ్యంతరం నిలవలేదు. రహస్యమని దాచబోయిన ఉత్తరాలు బయటపడ్డాయి. ప్రజాప్రయోజన వ్యాజ్యానికి బాట పడింది. నియామకాల్లో పైచేయి మాత్రం ఆనాటికి ప్రభుత్వానికే మిగిలింది. రెండుచోట్లా గుమ్మం దాటనిచ్చారు, గదిలోకి రానివ్వలేదు.

2005 సమాచార హక్కు చట్టం మనదేశంలో ఇంకో మెట్టు. దరఖాస్తుదారు కారణం చెప్పనక్కరలేదని ఆ చట్టం స్పష్టంగా అన్నది. మోతుబరి ప్రశ్న ఆ మేరకు చట్టవిరుద్ధమయింది. కాని సమావేశాల సంగతేమిటి? ప్రతి ప్రభుత్వ సంస్థ తన బోర్డుల, కమిటీల జాబితా ప్రకటించి, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చునో లేదో చెప్పాలని నాలుగో సెక్షను విధించింది. రావచ్చునో లేదో చెప్పమన్నదే కాని, రానివ్వమనలేదు. ‘రాకూడదు’ అని రాసినా చట్టాన్ని పాటించినట్టే! 2022 డిసెంబరులో, సుప్రీంకోర్టు కొలీజియం 2018లో జరిపిన ఒక సమావేశం వివరాలు కావాలన్న విజ్ఞప్తిని అదే కోర్టు తోసిపుచ్చింది. అందరూ సంతకం చేసిన తుది తీర్మానమే బయటికి వస్తుంది, లోపలి చర్చ రాదన్నది. అడిగే అర్హత సంపాదించుకున్నాం. అడిగినది పొందే అర్హత ఇంకా మిగిలేవుంది.

మూసిన గదిలో సభ్యులు స్వేచ్ఛగా మాట్లాడగలరనే వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయనక్కరలేదు. ఉద్యోగి ఆరోగ్యం, విద్యార్థి శిక్ష లాంటి విషయాలకు చాటు అవసరమే. కాని ఆ చాటు ఎవరి రక్షణ కోసమో చూడాలి. బలహీనుడి గౌరవం కాపాడే తెర వేరు, బలవంతుడి బేరం దాచే తెర వేరు. ఈ రెండింటినీ విడదీసి చూపించడం విమర్శకుడి పని.

తీర్మానం ఎప్పుడూ ఏకగ్రీవంగానే కనబడుతుంది. ఎవరు అడ్డుచెప్పారు, ఎవరు లొంగిపోయారు, ఎవరు మౌనంగా ఉండిపోయారు అన్నదంతా చర్చలోనే ఉంటుంది. చరిత్రకైనా కథకైనా ముడిసరుకు అదే. మినిట్సు పుస్తకం మాత్రమే చదివి చరిత్ర రాస్తే అది గెలిచినవాళ్ల చరిత్రే అవుతుంది.