హైదరాబాదు హద్రమీ అరబ్బులు

యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వలస వచ్చి, నిజాం సంస్థానంలో సిపాయిలుగా కుదురుకున్న అరబ్బుల సంతతి హైదరాబాదు హద్రమీలు. నగరంలో వీరిని చౌష్‌లని కూడా అంటారు. చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్, దాన్ని ఆనుకుని ఉన్న సలాలా వీరి ప్రధాన నివాసాలు. తెలంగాణ జిల్లాల్లోనూ, మరాఠ్వాడాలోని ఔరంగాబాద్, నాందేడ్, పర్భణీల్లోనూ వీరి కుటుంబాలు ఉన్నాయి. కూలికి కత్తి పట్టిన ఈ వలసజీవులు హైదరాబాదు జీతాలతో, వడ్డీలతో స్వదేశంలో ఒక రాజ్యాన్నే నిలబెట్టారు. 1948 తర్వాత ఇక్కడి కొలువులు పోయాయి, 1967లో అక్కడి రాజ్యం పోయింది. ఆ తర్వాత వీరి తిండి, ఆట, పాట మాత్రం హైదరాబాదు మొత్తానికీ సొంతమయ్యాయి.

స్వదేశం

హద్రమౌత్ అరేబియా ద్వీపకల్పం దక్షిణ కొసన ఉన్న లోయ ప్రాంతం. షిబామ్, సయ్యూన్, తరీమ్ లోపలి పట్టణాలు. ముకల్లా, షిహర్ సముద్రం ఒడ్డున ఉన్న రేవులు. పచ్చి ఇటుకలతో కట్టిన ఎత్తైన మేడలకు పేరుపడ్డ షిబామ్‌ను యునెస్కో 1982లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాన తక్కువ, సాగునేల తక్కువ, తెగల మధ్య కొట్లాటలు ఎక్కువ. అందుకే ఇంటికొకరైనా సముద్రం దాటడం అక్కడ ఆనవాయితీ అయింది. జావా, సింగపూర్, తూర్పు ఆఫ్రికా తీరాలకు వెళ్లినవారిలో వర్తకులు, మతపండితులు ఎక్కువ. దక్కన్‌కు వచ్చినవారిలో మాత్రం యాఫయీ, కథీరీ, ఔలఖీ వంటి యోధ తెగలవాళ్లదే పైచేయి.

దక్కన్‌కు రాక

18వ శతాబ్దంలో వీరు ముందుగా మరాఠా సంస్థానాల్లో కొలువు చేశారు. కోటల కాపలాకు అరబ్బులను మించినవాళ్లు లేరని అప్పట్లో పేరు. 1817లో నాగపూరులో భోంస్లేల పక్షాన పోరాడిన అరబ్ సిపాయిలు ఈస్టిండియా కంపెనీ సేనను గట్టిగా ఎదిరించారు. మరాఠా రాజ్యాలు కూలిపోయాక కొలువు వెతుక్కుంటూ వీరిలో చాలామంది హైదరాబాదు చేరారు. అప్పుడు పాలిస్తున్నది నిజాం సికందర్ జా (1803–1829).

హైదరాబాదులో వీరికి పని దొరకడానికి కారణం అప్పటి పాలనా పద్ధతే. నిజాంకే కాదు, పెద్ద అమీర్లకూ సొంత బలగాలు ఉండేవి. అలాంటి అమీర్లైన పాయగా నవాబులు నిజాం కోసం సైన్యాన్ని పోషించే షరతు మీదే జాగీర్లు అనుభవించారు. దేవిడీలకు కాపలా, ఖజానా బండ్లకు తోడు, శిస్తు వసూలుకు వెన్నుదన్ను, ఇలా ఎక్కడ చూసినా ఆయుధం పట్టినవాడి అవసరం ఉండేది. స్థానిక కుల, బంధు రాజకీయాలతో సంబంధం లేని పరదేశీ సిపాయి యజమానికి నమ్మకస్తుడిగా కనిపించేవాడు.

జమేదార్ల కాలం

అరబ్ బలగాలు జమేదార్ల చేతికింద ఉండేవి. జమేదారు తన ఊరి నుంచి, తన తెగ నుంచి మనుషులను రప్పించి, వారి జీతాన్ని ప్రభుత్వం దగ్గర టోకుగా తీసుకుని పంచేవాడు. తర్వాతి నిజాం నాసిరుద్దౌలా కాలంలో, మంత్రి చందూలాల్ పేష్కారీలో సంస్థానం అప్పుల్లో కూరుకుపోయింది. జీతాలు బాకీపడ్డ సర్కారు, ఆ బాకీ కింద తాలూకాల ఆదాయాన్నే జమేదార్లకు తాకట్టు పెట్టింది. సిపాయి నాయకులు అలా రుణదాతలయ్యారు. సాహుకార్లు మొండి బాకీల వసూలుకు అరబ్బులను, రోహిల్లాలను పంపేవారు. బాకీదారు గుమ్మం ముందు కత్తితో కూర్చునే అరబ్బు తెలంగాణ పల్లెల్లో భయానికి మారుపేరయ్యాడు. వీరి చరిత్రలో ఈ చీకటి కోణాన్ని దాచడానికి లేదు.

ఈ కాలంలో ముగ్గురు జమేదార్లు మిగతావారికంటే పెద్దవారు: అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలఖీ, గాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కథీరీ, ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ. 1853లో దివాన్ పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించి, అరబ్బుల సొంత న్యాయవిచారణలకు, వసూళ్లకు పగ్గాలు వేశాడు. అయితే వారిని పూర్తిగా దూరం చేసుకోలేదు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ల నాయకత్వంలో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి జరిగినప్పుడు నగరాన్ని అదుపులో ఉంచడానికి దివాన్ అరబ్ బలగాల మీదే ఆధారపడ్డాడు. చిల్లరగా ఉన్న ఈ సైన్యాలన్నీ క్రమంగా నజ్మె జమియత్ అనే శాఖ కిందికి వచ్చాయి.

హైదరాబాదు డబ్బు, హద్రమౌత్ రాజ్యం

జమేదార్ల పోటీ హైదరాబాదుతో ఆగలేదు. గాలిబ్ బిన్ ముహ్సిన్ ఇక్కడ కూడబెట్టిన సొమ్ముతో 1840లలో సయ్యూన్, తరీమ్ పట్టణాలను చేజిక్కించుకుని కథీరీ పాలనను మళ్లీ నిలిపాడు. షిబామ్ ప్రాంతం నుంచి వచ్చిన ఉమర్ బిన్ అవద్ తాను హైదరాబాదులోనే ఉండి కొడుకుల ద్వారా డబ్బు, ఆయుధాలు, మనుషులను పంపాడు. 1858లో షిబామ్ ఖుఐతీల వశమైంది. 1866లో కథీరీలు షిహర్ రేవును పట్టుకోగా, మరుసటి సంవత్సరమే ఖుఐతీలు వారి నుంచి దాన్ని లాక్కున్నారు. 1881లో ముకల్లా కూడా వారిదైంది. ఉమర్ 1865లో చనిపోయినా, కొడుకుల్లో కొందరు అక్కడ యుద్ధం నడుపుతుంటే మరో కొడుకు అవద్ హైదరాబాదులో ఉండి ఖర్చు చూసుకునే ఏర్పాటు కొనసాగింది.

ఒక సంస్థానపు ఉద్యోగులు మరో దేశంలో యుద్ధాలు చేయడం బ్రిటిష్ ప్రభుత్వానికి రుచించలేదు. అరబ్ జమేదార్లను కట్టడి చేయమని సాలార్‌జంగ్ మీద ఒత్తిడి తెచ్చింది. చివరికి తన ఏడెన్ రేవు భద్రత కోసం గెలిచినవారితోనే రాజీకి వచ్చి, 1888లో ఖుఐతీలతో రక్షణ ఒప్పందం చేసుకుంది. అప్పటిదాకా జమేదార్లుగానే ఉన్న ఈ పాలకులకు 1902లో సుల్తాన్ బిరుదు దక్కింది. అవద్ బిన్ ఉమర్‌కు నిజాం ఇచ్చిన సుల్తాన్ నవాజ్ జంగ్ బిరుదు అంతకుముందు నుంచే ఉంది.

సుల్తాన్లయ్యాక కూడా వారికి హైదరాబాదు రెండో రాజధానిలాగే ఉండిపోయింది. ఇక్కడి జాగీర్ల ఆదాయం అక్కడి ఖజానాకు చేరేది. అవద్ కొడుకు గాలిబ్ బిన్ అవద్ 1922లోనూ, ఆయన తమ్ముడు ఉమర్ 1936లోనూ హైదరాబాదులోనే కన్నుమూశారు. తర్వాత గద్దెనెక్కిన సాలిహ్ బిన్ గాలిబ్ హైదరాబాదులో పెరిగి చదువుకున్న పండితుడు. 1937లో ఆయన బ్రిటిష్ సలహాదారు హెరాల్డ్ ఇంగ్రామ్స్‌ను అంగీకరించాడు. సుమారు 1400 మంది తెగల పెద్దల సంతకాలతో హద్రమౌత్‌లో కొట్లాటలకు విరామం కుదిరింది ఆ రోజుల్లోనే. 1920లలో ముకల్లా తీరాన కట్టిన సుల్తాన్ మహలులో భారతీయ కట్టడాల పోలికలు కనిపిస్తాయి.

బార్కస్ జీవనం

బార్కస్ పుట్టింది సైనికుల బస కోసం. నిజాం సైన్యంలోని మైసారం రెజిమెంటు అరబ్ సిపాయిలు ఇక్కడి బారకాసుల్లో ఉండేవారు. ఊరికి ఆ పేరే నిలిచింది. వచ్చినవారిలో దాదాపు అందరూ ఒంటరి మగవాళ్లు. వారు స్థానిక ముస్లిం కుటుంబాల ఆడపిల్లలను పెళ్లాడారు. దాంతో ఇంట్లో దక్కనీ ఉర్దూ, వంశనామంలో అరబ్బీ నిలిచాయి. బావజీర్, అమూదీ, కథీరీ, యాఫయీ వంటి ఇంటిపేర్లు ఇప్పటికీ హద్రమౌత్‌లోని ఊరినో తెగనో పట్టిస్తాయి.

హైదరాబాదు ముస్లింలలో ఎక్కువమంది హనఫీ సంప్రదాయాన్ని పాటిస్తే, హద్రమీలు షాఫయీ సంప్రదాయాన్ని అనుసరిస్తారు. సిపాయిల వెనకాలే పండితులూ వచ్చారు. వారిలో ప్రసిద్ధుడు తరీమ్‌కు చెందిన సయ్యద్ అబూబకర్ బిన్ షిహాబ్. అరబ్బీ కవిగా, ధర్మశాస్త్రవేత్తగా పేరున్న ఆయన ఏళ్ల తరబడి ఇక్కడ బోధించి, 1922లో ఈ నగరంలోనే మరణించాడు. అరబ్బీ గ్రంథాల పరిష్కరణకు 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఉన్న నగరం అరబ్బీ పండితుడికి పరాయిచోటు కాలేదు.

రంగుల లుంగీ, నడుముకు వెడల్పాటి పట్టా బార్కస్ మగవారి వాడుక దుస్తులు. కుస్తీ, దేహదారుఢ్యం మీద మక్కువ సిపాయి కాలం నుంచి వచ్చిన అలవాటే. ఒకప్పుడు ఇక్కడి జామతోటలు నగరమంతటా పేరుపొందాయి. పెళ్లి ఊరేగింపుల్లో కత్తులు తిప్పుతూ ఆడేవారికి తాళమిచ్చే మర్ఫా వీరి వాద్యం. దాన్ని నగరమంతా తిప్పినవాళ్లలో ఏసీ గార్డ్స్ సిద్దీలు ముఖ్యులు. తూర్పు ఆఫ్రికా సంతతివారైన సిద్దీలు వనపర్తి రాజుల దగ్గరి నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికన్ అశ్వికదళం వారసులు. ఆ దళం బస చేసిన చోటే ఏసీ గార్డ్స్. వలస దారులు వేరైనా, అరబ్బులూ సిద్దీలూ ఒకే కొలువులో చేరి ఒకే డప్పుకు ఆడారు. ఇవాళ హైదరాబాదులో ఏ మతంవారి బరాతులోనైనా మర్ఫా మోగుతుంది.

హలీం

గోధుమ, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే హరీస్ అరబ్బుల పాత వంటకం. దానికి పప్పులు, నెయ్యి, దక్కన్ మసాలాలు చేరి హైదరాబాదీ హలీం అయింది. ఏడో నిజాం కొలువులోని ముకల్లా ప్రముఖుడు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ విందుల ద్వారా ఇది అమీర్ల ఇళ్లలో వాడుకైందని చెబుతారు. అక్కడి నుంచి దీన్ని వీధికి తెచ్చినవి ఇరానీ హోటళ్లు. రంజాన్ నెలలో పాతబస్తీలోనే కాదు, బషీర్‌బాగ్, నారాయణగూడ, చిక్కడపల్లి రోడ్ల మీద కూడా హలీం భట్టీలు వెలుస్తాయి. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి మాంసాహార వంటకం ఇదే. బార్కస్ ఇళ్లలో మాత్రం మసాలా తగ్గించిన హరీస్, మరగ్ చారు ఇంకా విడిగా వండుకుంటారు. ఈమధ్య నగరమంతా పాకిన మండీ హోటళ్లకూ బార్కసే దారి చూపింది.

1948 సెప్టెంబరు, ఆ తర్వాత

భారత సైన్యం హైదరాబాదును స్వాధీనం చేసుకున్న పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై 17న ముగిసింది. మర్నాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయిన హైదరాబాదు సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ కూడా హద్రమీ సయ్యదుల వంశీకుడే. అరబ్ బలగాలను నిరాయుధులను చేశారు, వేలమందిని నిర్బంధించారు, చాలామందిని ఓడలెక్కించి ఏడెన్‌కు పంపారు. కానీ ఎవరు విదేశీయులన్న ప్రశ్న అధికారులకు కొరుకుడుపడలేదు. తండ్రిది హద్రమౌత్ అయినా తల్లి ఇక్కడిది, తాను పుట్టింది ఇక్కడ, మాట్లాడేది ఉర్దూ. కొన్నాళ్లకు ఆ పంపివేతలు ఆగిపోయాయి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం పుట్టుక, నివాసం ఆధారంగా పౌరసత్వం ఇవ్వడంతో మిగిలినవారు భారతీయులుగా స్థిరపడ్డారు.

బతుకుతెరువు మాత్రం తెగిపోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, పాత సైన్యాలు పోయాయి. కత్తి తప్ప వేరే పని నేర్వని కుటుంబాలు తోటల కౌలుకు, డ్రైవరు పనులకు, చిల్లర వ్యాపారాలకు దిగాయి. 1967లో ముకల్లాలోని ఖుఐతీ రాజ్యం కూడా దక్షిణ యెమెన్ విప్లవంలో అంతమైంది. కాకతాళీయంగా ఆ రోజు కూడా సెప్టెంబరు 17. చివరి సుల్తాన్ రెండో గాలిబ్ బిన్ అవద్ సౌదీ అరేబియాలో స్థిరపడి చరిత్ర రచనకు పూనుకున్నాడు.

తిరుగు వలస

1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు విస్తరించాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి కూలీలు దుబాయి దారి పట్టిన కాలంలోనే బార్కస్ యువకులూ బయలుదేరారు. సౌదీలో, ఎమిరేట్స్‌లో అప్పటికే స్థిరపడ్డ హద్రమీ బంధువులు, తాతల నాటి వంశనామం కొందరికి అక్కడ పనికొచ్చాయి. అలా వచ్చిన డబ్బుతో బార్కస్‌లో కొత్త ఇళ్లు లేచాయి. ఖర్జూరాలు, అత్తర్లు, విదేశీ లుంగీలు అమ్మే బజారు పెరిగింది. ఉమర్ బిన్ అవద్ కాలంలో హైదరాబాదు నుంచి అరేబియాకు వెళ్లిన సొమ్ము నూరేళ్ల తర్వాత అరేబియా నుంచి హైదరాబాదుకు రావడం మొదలైంది.

నేటి స్థితి

2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ–ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేసింది. అందులో సిద్దీ, హబ్షీలు లబ్ధిదారుల జాబితాలో ఉండగా, అరబ్బులను సయ్యద్, మొఘల్, పఠాన్‌లతో పాటు మినహాయింపు జాబితాలో పెట్టారు. పాలకవర్గపు వారసులన్న ముద్రే దీనికి మూలం. అయితే ఆ పాలకవర్గం జమేదార్లకే పరిమితం. బార్కస్‌లో స్థిరపడ్డవారిలో అత్యధికులు మామూలు సిపాయిల సంతానం. యెమెన్ అంతర్యుద్ధంతో గత పదేళ్లలో హద్రమౌత్ రాకపోకలు సన్నగిల్లాయి. పాత తరంతో పాటు మాట్లాడే అరబ్బీ తగ్గిపోయింది. వంశవృక్షం, షాఫయీ ఆచారం, పెళ్లిలో మర్ఫా, వంటింట్లో హరీస్ మాత్రం కొనసాగుతున్నాయి.