సద్దిమూట నుండి కూపను దాకా

మన సంఘం సమావేశంలో విహారయాత్ర మాట వచ్చినప్పుడల్లా బస్సుకు ఎంత, టిక్కెట్టుకు ఎంత అన్న చర్చ అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. “మరి తిండి ఎక్కడ?” అన్న ప్రశ్న మాత్రం గంటసేపు నడుస్తుంది. ఒకరికి చక్కెర వ్యాధి, ఒకరు ఉల్లిగడ్డ ముట్టరు, ఒకరికి కట్టుడు పళ్లు, వెంట వచ్చే మనుమలకు పిజ్జా కావాలి. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకులు కోరినారు. రాజుల గురించి, కోటల గురించి రాయగల పండితులు మనలో చాలామంది ఉన్నారు కనుక, నేను ఈ తిండి ప్రశ్నకే చరిత్ర చెప్పదలచినాను.

వినోదం కోసం ఇల్లు విడిచి పోవడం మన పెద్దల కాలంలో జాతరకు పోవడమే. మన ప్రాంతం వారికి సంక్రాంతికి ఐనవోలు మల్లన్న, ఆ తరువాత కొమురవెల్లి మల్లన్న, రెండేండ్లకొకసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క సారలమ్మలు. దేవుని మొక్కు ఒక కారణమైతే, రంగులరాట్నం, గాజుల దుకాణాలు, బొమ్మలు రెండో కారణం. పిల్లలకు రెండోదే మొదటిది. అక్కడ తిండి ఎక్కడ అన్న ప్రశ్నే పుట్టేది కాదు. ఎడ్లబండి ఆగిన చోటే వంటిల్లు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి వేసేవారు, చుట్టుపక్కల పుల్లలు ఏరుకొచ్చేవారు, మోదుగాకు ఇస్తర్లు పరిచేవారు. మేడారంలో అమ్మవార్లకు బెల్లం సమర్పించి దానిని ‘బంగారం’ అని పిలవడం మీ అందరికీ తెలిసినదే. మొక్కు తీరిన తరువాత కోడినో మేకనో కోసి చెట్టు కింద వండుకొని తినడం కూడా జాతరలో భాగమే. దారి ఖర్చుకు సద్దిమూట వేరే ఉండేది. జొన్నరొట్టె, సర్వపిండి, అటుకుల చుడువ, పులిహోర రెండు రోజులు చెడకుండా నిలిచేవి. ఏ వంట ఎన్ని పూటలు నిలుస్తుందో ఆ కాలపు ఆడవారికి ఉన్న లెక్క మన ఖజానా శాఖ లెక్కకంటె గట్టిది.

ఈ పద్ధతిని మార్చినది రైలు. నిజాం ప్రభుత్వపు రైలుమార్గం సికింద్రాబాదు నుండి వరంగల్లుకు 1886లో వచ్చింది, 1889లో బెజవాడను అందుకొన్నది. మన ఊరి పేరు ముందు ‘స్టేషన్’ చేరినది ఆ రైలు వలననే. కోటగుళ్లున్న గణపురం వేరు, బండి ఆగే ఘన్‌పూర్ వేరు అని చెప్పడానికి అది పనికి వచ్చింది. వందకు పైచిలుకు కిలోమీటర్ల దూరంలోని పట్నం ఒక్క పగటిలో పోయి వచ్చే చోటు అయింది. జనగామ, ఆలేరు, భువనగిరి దాటుకుంటూ పోయే పాసింజరు బండిలో సద్దిమూట కూడా పట్నం చేరింది.

ఆ పట్నంలో మనవారికి పెద్ద ఆకర్షణ నుమాయిష్. దాని పుట్టుక చిన్నది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు రాష్ట్రంలో ఆర్థిక సర్వే జరపదలచి, దానికి డబ్బు కూడబెట్టడానికి స్వదేశీ వస్తు ప్రదర్శన పెట్టాలని అనుకొన్నారు. 1938లో పబ్లిక్ గార్డెన్సులో సుమారు 50 దుకాణాలతో, రెండున్నర రూపాయల మూలధనంతో అది మొదలైంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించినారు. 1946లో నాంపల్లిలోని ముకర్రంజాహీ మైదానానికి మారింది. 1947, 1948 సంవత్సరాల్లో జరగలేదు. ఆ కాలపు పరిస్థితులు మన వయసు వారికి వివరించనవసరం లేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించగా అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా తిరిగి నిలబడింది. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ వారు విద్యాసంస్థలు నడుపుతున్నారు. ఆ మైదానం పక్కనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం అందులో ఒకటి. మనం కొనుక్కొన్న మిర్చిబజ్జీలో ఒక వంతు ఎవరో ఆడపిల్ల చదువుకు పోయిందని అనుకోవచ్చు.

నుమాయిష్ జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. మధ్యలో సంక్రాంతి. అంటే మన ఇండ్లలో సకినాలు, అరిసెలు, నువ్వుల ముద్దలు డబ్బాల నిండా ఉండే రోజులు. నేను చిన్నతనంలో మా నాయనగారి వెంట పోయినప్పుడు మా అమ్మ కట్టిచ్చిన సకినాల మూట నా భుజాన ఉండేది. మైదానంలో ఒక మూలకు దుప్పటి పరిచి, నలుగురు కూర్చొని, మూట విప్పేవారు. పక్క దుప్పటి కరీంనగర్ వారిది, అవతలిది నల్లగొండ వారిది. సకినం ఎవరిది కరకరలాడుతున్నదో మాటల్లోనే తేలిపోయేది. ఈ విషయంలో నాకు పక్షపాతం కలదు, దాచుకోను. వరంగల్లు సకినానికి సాటి లేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. సద్దిమూట గొప్పదని పొగుడుతూ పోతే సగం చరిత్ర చెప్పినట్లే. మూట కట్టుకొని పోవడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. ఇతరులు వండినది తినకూడదన్న పట్టింపు కూడా కారణమే. ఆ రోజుల్లో దేశంలోని ఎన్నో రైల్వేస్టేషన్లలో హిందువులకు ఒక కుండ, ముస్లిములకు ఒక కుండ నీళ్లు ఉండేవి. కులానికి కులానికి మధ్య గోడ అంతకంటె ఎత్తు. మూట విప్పిన దుప్పటి మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కూర్చోకూడదో పిల్లలకు కూడా తెలిసేది. మా ఊరివాడే, నాతో చదివినవాడే, మా దుప్పటికి రెండు గజాల దూరాన కూర్చొని తన రొట్టె తాను తినడం నేను చూసినాను. అదే పిల్లవాడు, నేను, కాసేపటికి బజ్జీల బండి దగ్గర ఒకే మూకుడులోంచి తీసిన బజ్జీలు ఒకే కాగితంలో తిన్నాము. బండివాడు మా కులం అడగలేదు, అణా అడిగినాడు. పెద్దలు చూసీ చూడనట్లు ఊరుకొన్నారు. డబ్బు పెట్టి కొనుక్కొనే తిండి మనను విడదీసిందని బాధపడేవారు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక సముద్రం అవతలి చరిత్ర. కాలిఫోర్నియాలో వాల్టర్ నాట్ అనే రైతు పండ్లతోట పెట్టి దారి పక్కన పండ్లు అమ్ముకొనేవాడు. 1934లో, దేశమంతా మాంద్యంలో మునిగిన వేళ, ఆయన భార్య కార్డీలియా తన పెండ్లినాటి పళ్లేలు తీసి కొందరికి కోడికూర భోజనం వడ్డించింది. రుచి ఊరూరా పాకింది. బల్ల దొరకడానికి జనం గంటల తరబడి నిలబడవలసి వచ్చింది. నిలబడ్డవారికి ఏదో కాలక్షేపం ఉండాలని 1940లో పాతకాలపు పశ్చిమ అమెరికా ఊరిని పోలిన బొమ్మ ఊరు కట్టడం మొదలుపెట్టినాడు నాట్. అదే పెరిగి పెరిగి నేటి నాట్స్ బెర్రీ ఫామ్ అనే పెద్ద వినోదవనం అయింది. అంటే అక్కడ ఆటల కోసం భోజనం పెట్టలేదు, భోజనం కోసం ఆటలు పెట్టినారు. ఆ ఇల్లాలి చేతి వంట లేకపోతే ఆ వనమే లేదు.

దానికి దగ్గరలోనే 1955 జులై 17న వాల్ట్ డిస్నీ తన డిస్నీలాండ్ తెరిచినాడు. మొదటిరోజు అనుకొన్నదానికంటె ఎక్కువమంది వచ్చిపడ్డారు. తిండి అయిపోయింది. కుళాయి పనివారి సమ్మె వలన తాగే నీళ్లు కూడా చాలా చోట్ల రాలేదు. పెండ్లిలో వంట తక్కువైన ఇంటివారి బాధ ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. ఆ పాఠం వారు మరువలేదు, తినే చోట్లు ఆ తరువాత ఎన్నో పెరిగినాయి. విశేషమేమంటే, డిస్నీ వనాల్లో నేటికీ మన ఇంటి తిండి మనం లోపలికి తీసుకుపోవచ్చు. గాజు సీసాలు, మద్యం వంటివి మాత్రమే కూడదు. పిల్లల దగ్గరికి అమెరికా పోయి ఆర్లాండో చూసి వచ్చిన దంపతులు మనలోనే ఉన్నారు. పులిహోర, పెరుగన్నం అక్కడి బల్ల మీద విప్పుకొని తిన్నామని వారు చెబితే మొదట నేను నమ్మలేదు.

ఎందుకంటే మన దగ్గర సంగతి వేరు. 1996లో విజయవాడ దారిలో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. అతి పెద్ద సినిమా నిర్మాణ సముదాయంగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. రోజంతా తిరిగినా తరగనంత చోటు కనుక లోపలే భోజనశాలలు వెలిసినాయి. 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా తెరిచినారు. అక్కడ బయటి ఆహారం లోపలికి రానివ్వరన్నది నియమం. ఇటువంటి నియమానికి వారు చెప్పే కారణాలు శుభ్రత, భద్రత. చెప్పని కారణం వ్యాపారం. రెండూ నిజమే అని నా అభిప్రాయం. సినిమాహాళ్లలో ఇదే తగువు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 జనవరిలో వచ్చిన తీర్పు ప్రకారం బయటి తిండిని వద్దనే హక్కు హాలు యజమానికి ఉన్నది, కాని మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల వెంట తగినంత ఆహారం తెచ్చుకోనివ్వాలి. పసిపిల్లల మాట వచ్చింది, ముసలివారి మాట రాలేదు.

మన చిక్కు అక్కడే. భోజనానికి ముందు మాత్ర వేసుకొని, అరగంటలో తినకపోతే కళ్లు తిరిగే వయసు మనది. ఒక వినోదస్థలంలో నా భార్య సంచిలోని రెండు జొన్నరొట్టెలు గేటు దగ్గర తీసి పక్కన పెట్టించినారు. లోపల మైదాపిండి తప్ప దొరకలేదు. కూపను వరుసలో నలభై నిమిషాలు నిలబడి, చివరికి ఆమె పెరుగు డబ్బా ఒకటి తిని ఊరుకొన్నది. సద్దిమూట మీద కట్టిన గోడలు కూలిపోవడం మంచిదే. కాని రోగి రొట్టె కూడా గేటు బయట ఆగిపోవడం న్యాయమనిపించుకోదు. మన సంఘం తరఫున ఇటువంటి చోట్లకు ముందుగా లేఖ రాసి, వైద్యుని చీటీ ఉన్నవారి ఆహారాన్ని అనుమతించమని అడగాలని నా సూచన. అడిగితే ఒప్పుకొనేవారు ఉంటారు. గేటు దగ్గర వాదించడం మాత్రం వృథా, అక్కడి కాపలా కుర్రవాడు నియమం రాసినవాడు కాదు.

ఈలోగా పోయేవారికి నాలుగు మాటలు. ఘన్‌పూర్ నుండి బస్సు మాట్లాడుకొంటే ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగురోడ్డు ఎక్కాలి. ఫిల్మ్ సిటీకి పెద్ద అంబర్‌పేట దగ్గర, వండర్‌లాకు రావిర్యాల దగ్గర దిగాలి. సద్దిమూట ఘట్‌కేసర్‌కు ముందే ఏదైనా చెట్టునీడన విప్పి కడుపునిండా తినండి, మిగిలినది బస్సులోనే ఉంచండి. లోపల భోజనం పన్నెండు గంటలకే ముగించండి, ఒంటిగంట దాటితే వరుస పెరుగుతుంది. తిన్న గంటలోపు తిరిగే ఆటలు ఎక్కవద్దని మనుమలకు చెప్పండి, వారు వినరు.

నుమాయిష్ సంగతి మళ్లీ చెప్పాలి. 2019 జనవరి 30న జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో దుకాణాలు కాలిపోయినా ప్రాణనష్టం జరగలేదు. కరోనా వలన 2021లో నుమాయిష్ లేదు, 2022లో మొదలైన వెంటనే ఆపి ఫిబ్రవరి చివర మళ్లీ తెరిచినారు. ఇప్పుడు గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి పోవచ్చు. హలీం, కబాబులు, చాట్, పళ్లెమంత అప్పడాలు, చెరుకురసం అన్నీ ఒకే వరుసలో దొరుకుతాయి. ఇంటి డబ్బా విప్పుకొని తింటున్న కుటుంబాలు కూడా ఇప్పటికీ కనబడతాయి. సాయంత్రం నాలుగైదు గంటలకే పోతే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, సెలవురోజు రాత్రి అయితే నిలబడి తినవలసిందే. సకినాలు మాత్రం స్టీలు డబ్బాలో తీసుకుపోండి, గుడ్డమూటలో అయితే రద్దీకి పొడి అయిపోతాయి.