అత్తవారి కొండలలో ధాన్యపుకోట

నా భార్య పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమున వాయవ్యమూల నున్న మొరాకో దేశము. ఆమెవారు దక్షిణమునందలి ఆంటీ అట్లాస్ కొండలవారు. లోకము వారిని బెర్బరులనును. వారు తమ్ము అమజీఘులని చెప్పుకొందురు. ఆ మాటకు స్వతంత్రుడని అర్థమందురు. ఏడవ శతాబ్దిలో అరబ్బులు వచ్చుటకు ఎంతో పూర్వమునుండి వారు అచ్చటివారే.

నేను మొదటిసారి వెళ్లినపుడు మామగారు నన్ను కొండకొమ్మున నున్న యొక రాతికోటకు తీసికొనిపోయిరి. ఎవరో రాజుది కాబోలు ననుకొంటిని. కాదు, అది ఊరివారి ఉమ్మడి ధాన్యపుకొట్టు. దానిని అగాదిర్ అందురు. కుటుంబమునకొక గది, అందరికిని ఒక్కడే కావలివాడు. కరవునకును దోపిడికిని వెరచి గింజలు, నూనె, నగలు, దస్తావేజులు అందు దాచెడివారు. తప్పుచేసిన జరిమానా యెంతయో, ఆ కట్టుబాట్లను చెక్కపలకలపై అరబ్బీ లిపిలో వ్రాసికొనెడివారు. నేడట్టి కోటలనేకము పాడుపడినవి.

గింజను కోట కాచినది. భాషను తల్లులు నోట కాచిరి. నా భార్య బడిలో అరబ్బీయు ఫ్రెంచియు నేర్చెను గాని, తల్లితో మాటాడు భాషను వ్రాయ నేర్వలేదు. మొరాకోలో 2003వ సంవత్సరమున ఆ భాషాబోధనకు ప్రాచీనమైన తిఫినాగ్ లిపిని స్వీకరించిరి. 2011 నాటి రాజ్యాంగము దానిని అధికారభాషగా నొప్పుకొనెను.

ఒకనాటి సాయంకాలము బావమరది కూతురు ఆ లిపిలో నాయనమ్మ పేరు వ్రాసి చూపెను. నా భార్య దానిని చదువలేకపోయెను. అక్షరమెరుగని మా అత్తగారు మాత్రము ఆ కాగితమును మడిచి, కొట్టుగది తాళపుచెవితో పాటు కొంగున ముడివేసికొనిరి.