మరమ్మతు పద్దు లేని కట్టడాలు

పాత కట్టడం ఏదైనా కూలిపోతే మనవాళ్ళు రెండు మాటలు అంటారు. ఒకటి, ప్రభుత్వం పట్టించుకోలేదని. రెండు, దాని కాలం తీరిందని. రెండో మాట జాతకాల బాపతు కనుక వదిలేద్దాం. మొదటి మాటలో నిజం ఉంది గాని అది పూర్తి కారణం కాదు. రాయి, సున్నం, ఇటుక ఒక్కరోజులో చచ్చేవి కావు. పైకప్పు మీద నీళ్ళు నిలవాలి, ఆ తడిలో రావి మొక్క మొలవాలి, దాని వేరు రాళ్ళ సందులోకి దిగాలి. దీనికి ఏళ్ళు పడుతుంది. మొక్క జానెడు ఉన్నప్పుడే పీకెయ్యడానికి ఒక మనిషికి ఒక పూట కూలి చాలు. ఆ కూలి ఎవరు ఇవ్వాలి, ఏ పద్దు కింద ఇవ్వాలి అన్నది తేలకపోవడమే అసలు జబ్బు. కట్టడాల రక్షణ చట్టాల చరిత్రను నేను ఈ కోణం నుండే చూస్తాను. ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కల్లో, ఇంజినీర్ల బిల్లులు చూస్తూ గడిపినవాడికి ఇంకో కోణం అబ్బలేదు.

నేను ఉంటున్న సూరత్ పాండేసరలో చెప్పుకోదగ్గ చారిత్రక కట్టడం లేదు. ఇక్కడ ఉన్నవి అద్దకం మిల్లుల పొగగొట్టాలు, మగ్గాల చప్పుడు, ఆ మగ్గాల కోసం తెలంగాణ నుండి వచ్చి స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళు. కాని ఇక్కడి నుండి పాత ఊళ్ళోకి వెళ్తే, ఒకే ఊళ్ళో మూడు రకాల కట్టడాలు, వాటికి మూడు రకాల గతులు కనిపిస్తాయి.

మొదటిది కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఉన్న డచ్చి సమాధుల తోట. అందులో అన్నిటికంటే పెద్దది హెండ్రిక్ వాన్ రీడ్ అనే అధికారిది. మలబారు మొక్కల మీద 12 సంపుటాల గ్రంథం, హోర్టస్ మలబారికస్, తయారు చేయించినవాడుగా ఆయన లోకానికి తెలుసు. నాకు నచ్చింది ఆయన రెండో ఉద్యోగం. 1684లో డచ్చి కంపెనీ ఆయన్ని తన స్థావరాల్లో జరిగే అవినీతిని పట్టుకోవడానికి సర్వాధికారాలతో కమిషనర్‌గా వేసింది. అంటే ఆడిటరు. సింహళం, బెంగాల్, కోరమాండల్ తీరం, మలబారు తిరిగి సూరత్‌కు వస్తూ 1691 డిసెంబరులో ఓడలోనే చనిపోయాడు. ఆడిటరుకు అంత పెద్ద సమాధి కట్టారంటే, బతికి రాలేదన్న సంతోషం కూడా కొంత ఉండి ఉంటుందని నా అనుమానం!

హాస్యం అలా ఉంచితే, 1877 నాటి బొంబాయి గెజిటీరు ఈ సమాధి గురించి చెప్పిన సంగతి ఒకటి ఆసక్తిగా ఉంటుంది. డచ్చివాళ్ళ లెక్కల్లో దీని మరమ్మతు బిల్లు ఒక్కటే 6,000 రూపాయలు. ఆ రోజుల్లో అది చిన్న సొమ్ము కాదు. కంపెనీ ఉన్నంత కాలం, దాని పరువు కోసం ఆ పద్దు నడిచింది. 1824 ఒప్పందం ప్రకారం 1825లో డచ్చివాళ్ళు సూరత్‌ను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయారు. సమాధి ఇక్కడే ఉంది, జేబు మాత్రం వెళ్ళిపోయింది. ఇప్పుడది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

రెండోది మొగల్ సరాయ్. షాజహాన్ కాలంలో 1644లో యాత్రికుల కోసం కట్టిన సత్రం. తరువాత కొంత కాలం జైలుగా వాడారు. 1867 నుండి మునిసిపాలిటీ ఆఫీసు అందులోనే ఉంది, ఇవాళ్టి మహానగర పాలిక ప్రధాన కార్యాలయం కూడా అదే. దీని మీద హక్కు ఎవరిదన్న తగాదా ఈ మధ్య నడిచింది. 2021లో గుజరాత్ వక్ఫ్ బోర్డు దీన్ని వక్ఫ్ ఆస్తిగా ప్రకటించింది, 2024లో ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ వాదనల్లోకి నేను పోను. నాకు కావలసింది ఒక్కటే. కమిషనరు కూర్చునే గది కారితే మర్నాడే మేస్త్రీ వస్తాడు. దానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదు, ఆఫీసు నిర్వహణ ఖర్చులోనే అది సాగిపోతుంది.

మూడోది తాపీ ఒడ్డున ఉన్న కోట. 1540ల్లో గుజరాత్ సుల్తాను మహమూద్ కాలంలో ఖుదావంద్ ఖాన్ కట్టించాడు. మహానగర పాలిక చాలా ఏళ్ళు పని చేయించి 2022 నాటికి దాన్ని మ్యూజియంగా తీర్చిదిద్దింది. పని బాగా చేశారు. కాని ఇది పెట్టుబడి ఖర్చు. అసలు పరీక్ష ఇరవై ఏళ్ళ తరువాత, బుర్జు మీద మొక్కలు మొలిచినప్పుడు వస్తుంది. ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది గాని, మొక్క పీకినవాడికి ఫలకం ఎవరూ వెయ్యరు.

మన తెలుగు దేశంలో ఈ మరమ్మతు పద్దు ఎప్పుడూ లేదా అంటే, ఉండేది. పాత దాన శాసనాల్లో 'ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణ' అన్న మాట తరచు కనిపిస్తుంది. విరిగినదాన్ని, పగిలినదాన్ని బాగు చేయడానికి అని అర్థం. నైవేద్యానికి, దీపాలకు, సానులకు భూమి ఇచ్చినట్టే మరమ్మతుకూ ఆదాయం కేటాయించేవారు. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించినప్పుడు ఊళ్ళు రాసిచ్చింది ఇలాంటి పోషణకే. హేతువాదులు గమనించాల్సిన సంగతి ఇక్కడ ఉంది. దేవుడి ఇల్లు దేవుడే బాగు చేసుకుంటాడని ఆ రాజులు, సేనానులు వదిలెయ్యలేదు. భక్తి సంగతి ఎలా ఉన్నా, లెక్కలో మాత్రం వాళ్ళు నాస్తికులే.

కంపెనీ పాలన వచ్చాక ఆ మాన్యాలను ధర్మకర్తలు, కరణాలు, జమీందార్లు తలా కొంత మింగేశారు. అప్పుడు మద్రాసు ప్రభుత్వం 1817లో ఏడో రెగ్యులేషన్ తెచ్చింది. గుళ్ళకు, మసీదులకు ఇచ్చిన భూముల ఆదాయం వాటికే ఖర్చయ్యేట్టు చూడటం, వంతెనలు, సత్రాలు, ఇతర ప్రజా కట్టడాలు మరమ్మతులో ఉంచటం, ఈ పని రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. మన కోస్తా, సీమ జిల్లాలకు వర్తించిన కట్టడాల పోషణ చట్టాల్లో నాకు తెలిసి ఇదే పాతది. రక్షణ అన్న మాటతో కాక ఆదాయం లెక్కతో మొదలవడం దీని గొప్ప. కాని విగ్రహారాధనకు క్రైస్తవ ప్రభుత్వం కాపలా ఏమిటని మిషనరీలు గోల పెట్టారు. కంపెనీ 1840ల్లో చేతులు దులుపుకుంది, 1863 చట్టంతో అజమాయిషీ పూర్తిగా స్థానిక కమిటీలకు పోయింది. కమిటీలు ఏం చేశాయో చెప్పక్కర్లేదు. దాన్ని సరిదిద్దడానికి 1920ల్లో దేవాదాయ చట్టం తెచ్చింది జస్టిస్ పార్టీ ప్రభుత్వం. దాని ప్రధానమంత్రి మన కాళహస్తి ప్రాంతం వాడైన పానగల్లు రాజా. ఆ వరుసలోనే 1987 నాటి దేవాదాయ చట్టంలో సర్వశ్రేయోనిధి వచ్చింది. రాబడి ఉన్న గుళ్ళు ఇచ్చే వంతుతో రాబడి లేని పాత గుళ్ళు బాగు చెయ్యడం దాని పనుల్లో ఒకటి. ఆలోచన మంచిదే. చిక్కేమిటంటే ఆ డబ్బుతో చాలా చోట్ల పాత రాయి మీద రంగులు, టైల్సు పడ్డాయి.

పురావస్తు చట్టాలది వేరే దారి. కర్జన్ 1904లో మొదటిది తెచ్చాడు. నిజాం రాజ్యంలో 1914లో గులాం యజ్దానీ డైరెక్టరుగా పురావస్తు శాఖ పెట్టారు. స్వాతంత్ర్యం తరువాత 1958 చట్టం. దాన్ని 2010లో సవరించి, కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధమని, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమని అన్నారు. కట్టడాన్ని పాడు చేస్తే అదివరకు మూడు నెలల జైలు, 5,000 రూపాయల జరిమానా ఉండేది, అది రెండేళ్ళు, లక్ష రూపాయలు అయింది. బాగానే ఉంది. కాని ఈ చట్టమంతా పక్కింటివాడి నుండి కట్టడాన్ని కాపాడేది. వాన నుండి, రావి మొక్క నుండి, ఖాళీగా ఉన్న వాచ్‌మన్ కుర్చీ నుండి కాపాడటానికి బడ్జెట్ కావాలి.

కాగ్ 2013లో ఇచ్చిన 18వ నంబరు రిపోర్టు తీరిక ఉన్నవాళ్ళు చదవాలి. 1,655 కట్టడాలను స్వయంగా వెళ్ళి చూస్తే 92 కనపడలేదు! పదేళ్ళ తరువాత పార్లమెంటు కమిటీ ముందు ప్రభుత్వం ఇచ్చిన లెక్క ప్రకారం 3,693 కట్టడాల్లో 50 లేవు. అందులో 14 ఊళ్ళు పెరిగి మింగినవి, 12 జలాశయాల్లో మునిగినవి, 24 ఎక్కడున్నాయో తెలియనివి. కాపలా ఉన్నది 248 చోట్ల మాత్రమే. 2024లో అలాంటివి 18 జాబితా నుండి తీసేయడానికి నిర్ణయించారు. మా భాషలో దీన్ని రైటాఫ్ అంటారు. స్టోర్సులో ఒక గొడ్డలి పోతేనే విచారణ చేసి, బాధ్యుడెవరో తేల్చి, ఆ తరువాతే రైటాఫ్ చేస్తారు. కట్టడం పోతే బాధ్యుడెవరు?

డబ్బు కోసం వేరే దారులూ తొక్కారు. 1996లో జాతీయ సంస్కృతి నిధి పెట్టి, ఇచ్చినవాళ్ళకు ఆదాయపు పన్నులో నూరు శాతం మినహాయింపు ఇచ్చారు. 2017లో దత్తత పథకం వచ్చింది. దాని కింద 2018లో ఎర్రకోటనూ, మన కడప జిల్లా గండికోటనూ ఒక సిమెంటు కంపెనీ అయిదేళ్ళకు 25 కోట్లతో తీసుకుంటే, కోటను అమ్మేశారని గగ్గోలు పుట్టింది. అమ్మలేదు. నా అభ్యంతరం వేరు. ఆ పథకం ప్రధానంగా మరుగుదొడ్లు, మంచినీళ్ళు, దీపాల వంటి సందర్శకుల వసతులకు. గోడ పద్దు అలాగే ఉండిపోయింది.

సొంతదారు మామూలు మనిషి అయితే చిక్కు ఇంకా ఎక్కువ. హైదరాబాదులో పట్టణాభివృద్ధి సంస్థ 13వ నిబంధన కింద 1995లో వారసత్వ భవనాల జాబితా ప్రకటించారు. కూల్చకూడదన్నారు. మరమ్మతుకు సొమ్మెక్కడిదో గట్టిగా చెప్పలేదు. అదే ఏడు బొంబాయి మాత్రం, కట్టుకోలేని అంతస్తుల హక్కును సొంతదారు వేరే చోట అమ్ముకోవచ్చన్న ఏర్పాటు చేసింది. హైదరాబాదులో ఆ నిబంధననే 2015లో ఎత్తేశారు, 2017లో తెలంగాణకు వేరే చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ కూల్చి శాసనసభ కడతామని ప్రభుత్వమే బయలుదేరితే, ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆపింది. చట్టం పని చేసిందని సంతోషించాలి. కూల్చకుండా ఆపడం కోర్టు చెయ్యగలదు, మరి ఏటేటా సున్నం వేయించడం కోర్టు పని కాదు కదా.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పాండేసరలో మనవాళ్ళ దగ్గరికి ఏటా ఏదో ఒక ఊరి నుండి రసీదు పుస్తకాలు వస్తుంటాయి. ఊళ్ళో గుడి జీర్ణోద్ధరణకు చందా. పోయిన ఏడు ఒక ఊరివాళ్ళు లెక్కలు చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చారు. వివరం అడిగితే తెలిసింది, పాత రాతి మండపం తీసేసి స్లాబు వేస్తారట. గర్భగుడి పక్కన అక్షరాలున్న రాయి ఉందా అంటే, ఉందన్నారు. దాని కింద నిధి ఉందని ఎవడో చెబితే అదివరకే ఒకసారి తవ్వారు కూడా. పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుండి చట్టం ఉంది. ఆ సంగతి చెబితే నవ్వారు.

"దేవుడే లేడనే పెద్దాయనకు గుడి మీద ఇంత బెంగ ఏంటి సార్?" అన్నాడు వాళ్ళలో ఒకడు. న్యాయమైన ప్రశ్నే. దేవుడు నాకు అక్కర్లేదు, సాక్ష్యం కావాలి. ఆ రాయి మీద మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, పన్ను ఎంతో ఉండి ఉండవచ్చు. పురాణం చెప్పే కథను కాదనాలంటే నాకు దొరికేది ఆ రాయే అన్నాను. తరువాత కాగితం మీద లెక్క వేసి చూపించాను. స్లాబుకు అనుకున్న సొమ్ములో పది లక్షలు బ్యాంకులో వేస్తే, ఏడు శాతం లెక్కన ఏటా డెబ్బై వేలు. మొక్కలు పీకించడం, పైకప్పు సందుల్లో సున్నం, నీళ్ళు పోయే కాలువ, అన్నీ అందులో సరిపోతాయి. అసలు ముట్టనక్కర్లేదు. ముందుగా ఆ గుడి పురావస్తు శాఖ జాబితాలో ఉందేమో జిల్లాలో విచారించమని, దేవాదాయ శాఖకు సర్వశ్రేయోనిధి కోసం అర్జీ పెట్టమని, శాసనానికి నాలుగు వైపుల నుండి ఫొటోలు తియ్యమని చెప్పాను.

వడ్డీ లెక్క వాళ్ళకు నచ్చింది. నచ్చనిది ఒక్కటే. ఫిక్సుడు డిపాజిట్టుకు చందా ఇచ్చినవాడి పేరు ఎక్కడ చెక్కాలి అని అడిగారు. చివరికి మండపం బయట కొత్త గోడ ఒకటి కట్టి, దాని మీద పేర్లు చెక్కుదామని రాజీ కుదిరింది. ఫొటోలు మొన్న ఫోనులో వచ్చాయి. అక్షరాలు సగం సున్నం కింద ఉన్నాయి, కాని చదవగలిగేవాళ్ళు చూస్తే కొన్ని పంక్తులు తేలుతాయి. తెలుగు శాసనాలు చదవడం వచ్చిన మిత్రులు ఎవరైనా ఉంటే నాకు రాయండి.