తంతి
ఫ్రాన్స్‌లో క్లోద్ షాప్ 1794లో పారిస్ నుంచి లిల్ దాకా నిలబెట్టిన సంకేత గోపురాలను ఒక అనువాదంలో ‘తంతి స్తంభాలు’ అన్నారు. చదివి అక్కడే ఆగిపోయాను. ఆ గోపురాలకు తీగే లేదు. పైన కదిలే కొయ్య చేతుల భంగిమను పక్క గోపురంలోని మనిషి దుర్భిణిలో చూసి, తన చేతులనూ అలాగే తిప్పేవాడు. ‘టెలిగ్రాఫ్’ అన్న పేరు పుట్టింది దానికోసమే; గ్రీకులో దూరం, రాత కలిసిన మాట. షాప్ మొదట అనుకున్న పేరు వేరు, ‘వేగంగా రాసేది’ అనే అర్థంలో. విద్యుత్తు తర్వాత వచ్చి ఆ పేరు తీసుకుంది. మనకు చేరింది తీగల టెలిగ్రాఫే గనుక మనవాళ్లు తీగనే పేరుగా పెట్టుకున్నారు. తంతి సంస్కృత ‘తంత్రి’కి వికృతి, సాగదీయడమనే ‘తన్’ ధాతువు నుంచి వచ్చింది. టెలిగ్రాఫ్‌కు ముందు అది వీణ సొత్తు. నా చిన్నప్పుడు ‘తంతి వచ్చింది’ అంటే కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. తమిళంలో ఆ మాట ‘దినతంతి’ పత్రిక పేరులో నిలిచింది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగాక తంతి మళ్లీ వాద్యాల దగ్గరికే వెళ్లింది. దాని తోబుట్టువు ‘తంతువు’ మాత్రం పాఠ్యపుస్తకాల్లో ‘దృశా తంతువు’గా, వెలుగును మోసే గాజుపోగుగా ఉంది.