ఆల్ఫ్రెడోలోకి క్రీమ్ ఎలా వచ్చింది

ఫెట్టుచ్చినే ఆల్ఫ్రెడో అనే పాస్తా పేరెత్తితే చాలు, ఇటలీ వంట బాగా తెలుసనుకునేవాళ్లు మొహం చిట్లిస్తారు. అది ఇటలీ వంటే కాదని, అమెరికావాళ్లు క్రీమ్ పోసి పాడుచేసిన పదార్థమని తీర్పు చెప్పేస్తారు. అందులో సగం నిజం. ఆ పేరుతో అమెరికా హోటళ్లలో వడ్డించే చిక్కటి తెల్లటి సాసు రోములో పుట్టలేదు. కానీ దాన్ని ఎవరో తెలివితక్కువగా పాడుచేశారనడం మాత్రం అన్యాయం. పరాయి ఊళ్లో తిని మెచ్చుకున్నదాన్ని సొంత పొయ్యి మీద మళ్లీ వండబోయినవాళ్లకు ఒక చిక్కు ఎదురైంది. క్రీమ్ ఆ చిక్కుకు దొరికిన పరిష్కారం. పైగా ఆ ప్రయాణికులే లేకపోతే ఈ వంటకానికి పేరూ ఉండేది కాదు, చరిత్రా ఉండేది కాదు.

పేరు సంగతే తీసుకుందాం. పాస్తాను వెన్న, చీజుతో కలిపి తినడం ఇటలీలో చాలా పాత అలవాటు. 15వ శతాబ్దంలో మార్తీనో అనే వంటవాడు రాసిన పుస్తకంలోనే రోము పద్ధతి మాకరోనీ ఉంది. దానికి వెన్న, చీజు, సుగంధ ద్రవ్యాలు చేర్చమన్నాడు. ఇటలీ ఇళ్లలో ఇప్పటికీ ఒంట్లో బాగోలేనివాళ్లకు ఇలాంటి తెల్ల పాస్తానే పెడతారు. రోము వంటవాడు ఆల్ఫ్రెడో ది లేలియో కుటుంబం చెప్పుకునే కథ కూడా అలాంటిదే. 1908లో కాన్పయిన భార్య అన్నం సయించక నీరసిస్తుంటే, ఆయన వెన్న, పార్మెజాన్ చీజు రెట్టించి వేసి పాస్తా కలిపి పెట్టాడట. 1914లో రోములోని వియా దెల్లా స్క్రోఫా వీధిలో ఆయన సొంత హోటలు తెరిచాడు. 1920లో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ పెళ్లయిన కొత్తలో అక్కడికి వచ్చి తిన్నారు. తరవాత ఆయనకు బంగారు ఫోర్కు, చెంచా కానుకగా పంపారు. 1922లో వచ్చిన సింక్లెయిర్ లూయిస్ నవల ‘బాబిట్’లో ఆ వీధి ఫెట్టుచ్చినే ప్రస్తావన ఉందంటే, అప్పటికే అమెరికా పాఠకులకు దాని కబురు అందిందన్నమాట. రోమువాళ్లకు ఇది వెన్న పాస్తా మాత్రమే. దాన్ని ఒక మనిషి పేరుతో పిలిచి లోకానికి చాటింది వచ్చిపోయేవాళ్లే.

ఇక చిక్కు. ఆల్ఫ్రెడో చేసే పనిని దగ్గరగా చూస్తే అది అర్థమవుతుంది. గుడ్లతో కలిపిన తాజా పాస్తా నీళ్లలోంచి తీసీ తీయగానే, వేడి పళ్లెంలో పరిచిన మెత్తటి వెన్న మీద పడాలి. పైన సన్నగా తురిమిన పార్మెజాన్, పాస్తా ఉడికిన గంజి కాస్త. ఆ పైన చెంచా, ఫోర్కుతో ఎత్తి పడేస్తూ ఆగకుండా తిప్పాలి. గంజిలోని పిండి వెన్ననూ నీటినీ విడిపోనివ్వదు, చీజు ఆ రెండింటిలో కరిగి పాస్తాకు నిగనిగలాడే పూతలా పడుతుంది. వేడి మితిమీరితే చీజు ఉండ కట్టి తీగలు సాగుతుంది, వెన్న నూనెలా విడిపోయి అడుగున చేరుతుంది. చల్లారితే ముద్దయిపోతుంది. అనుకూలమైన సమయం ఒకటి రెండు నిమిషాలకు మించదు. అందుకే దాన్ని వంటింట్లో కాకుండా, తినేవాడి బల్ల దగ్గరే కలిపేవారు.

ఇప్పుడు అమెరికా గృహిణి వంటింటికి వద్దాం. తాజా పాస్తా లేదు, పొట్లంలో ఎండు పాస్తా ఉంది. చీజు డబ్బాలో పొడిగా వస్తుంది. గడ్డ కట్టకుండా దానికి సెల్యులోజ్ కలుపుతారు కాబట్టి అది సరిగ్గా కరగదు. క్రీమ్‌లో కొవ్వూ నీళ్లూ ముందే కలిసి ఉంటాయి గనక, అది పోస్తే సాసు విరగదు. కుటుంబమంతా బల్ల దగ్గరకు చేరేదాకా ఆగుతుంది కూడా. 1966లో ఒక అమెరికన్ కంపెనీ తన ఫెట్టుచ్చినే పొట్లం మీదే క్రీమ్, స్విస్ చీజు చేర్చిన ఆల్ఫ్రెడో సాసు అచ్చువేసింది. ఒకేసారి వందలమందికి వడ్డించే హోటళ్లకు కూడా విరగని సాసే కావాలి. ఆ దారిలోనే మరో మలుపు హైదరాబాదు, విజయవాడ ఇళ్లలో పిల్లలకు చేసే వైట్ సాస్ పాస్తా. అక్కడ క్రీమ్ చేసే పనిని వెన్నలో వేయించిన మైదా, పాలు చేస్తాయి. శాకాహారులకు ఇంకో లాభం: అసలు పార్మెజాన్ తయారీలో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు, ఈ సాసులో దాని అవసరం లేదు.

అయితే ఏం పోసినా ఆల్ఫ్రెడోయేనా అని అడగవచ్చు. కాదు. క్రీమ్ వల్ల పోయేది కూడా ఉంది. పార్మెజాన్‌లోని ఉప్పటి పదును, గింజల్లాంటి కమ్మదనం మీగడ తీపి కింద అణిగిపోతాయి. అది దాచిపెట్టాలనే వెల్లుల్లి, కోడిమాంసం తోడయ్యాయని నా అభిప్రాయం. మంచి చీజు, వేడి గంజి చేతిలో ఉన్నవాళ్లకు క్రీమ్‌తో పని లేదు, వాళ్లు పోయకపోవడమే మేలు. నేను ఒప్పుకోనిది ఒక్కటే, లేమిలోంచి వచ్చిన మార్పును అజ్ఞానం అనడం.

అసలు కొలత ఒకటి రాసిపెట్టుకోకపోతే వంటకం నిలవదు కదా అనేది ఇంకా బలమైన అభ్యంతరం. ఇటాలియన్ అకాడమీ ఆఫ్ క్యుజీన్ 1982 అక్టోబరు 17న బొలోన్యా వాణిజ్య మండలిలో ఆ ఊరి మాంసం సాసు రగూకు అధికారిక కొలతలు నమోదు చేయించింది ఆ భయంతోనే. రాసిపెట్టడం మంచి పనే, లేకపోతే ఏది మారిందో కూడా తెలియదు. కానీ 2023లో అదే అకాడమీ ఆ కొలతలను సవరించి మళ్లీ నమోదు చేసింది. సొంత ఊరి రగూకే నలభై ఏళ్లలో సవరణ అవసరమైతే, సముద్రం దాటిన వెన్న పాస్తాకు ఆ వెసులుబాటు నిరాకరించడానికి నాకు కారణం కనపడదు.